మా పిన్నికి జరిగిన మర్యాద

వేడి అన్నం పడగానే అరిటాకు లోంచి ఒక వాసన లేస్తుంది, పచ్చిగా, కాస్త వగరుగా. మొన్న ఏలూరులో మా మనవరాలి ఓణీల వేడుకలో బంతిలో కూర్చోగానే ఆ వాసన ముక్కుకి కొట్టింది. పక్కనున్నావిడ "ఎన్నాళ్ళయిందండీ ఆకులో తిని" అని మురిసిపోయింది. అందరికీ ఆ వాసనకి ఆకలి పుడుతుందట. నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో కూడా మండుతుంది. వడ్డించే పిల్లని పిలిచి, "నాకో కంచం ఉంటే పట్రా అమ్మా" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది, మా కోడలు నా వంక గుడ్లురిమి చూసింది. చాదస్తం అనుకున్నారు కాబోలు, అనుకోనీండి. మా మాణిక్యం పిన్నిని చూడనివాళ్ళకి ఈ మంట ఎక్కడిదో తెలిసే దారి లేదు. అందుకే చెప్తున్నాను.

నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. అమ్మకి ఒక్కతే చెల్లెలు, ఆవిడే మాణిక్యం పిన్ని. మా నాన్నగారిది అత్తిలి. ఇల్లాలు పోయిన ఇంటికి ఆమె చెల్లెల్నే ఇచ్చి చేయడం ఆ రోజుల్లో మామూలు సంగతి. పసిపిల్లకి సవతితల్లి బాధ తప్పుతుంది, చుట్టరికం చెడదు, పొలాల లెక్కలూ చెదరవు అని పెద్దవాళ్ళంతా తేల్చేసుకున్నారు. పిన్నిని ఒక్కరూ అడగలేదు. ముహూర్తం నాటి పొద్దున్న పందిట్లో సన్నాయివాళ్ళు శృతి చూసుకుంటూంటే, ఆవిడ పెంటపాడు ఇంటి పెరటి గుమ్మంలోంచి బయటపడి, కాలవగట్టు వెంట తాడేపల్లిగూడెం దాకా నడిచి, ఏలూరు రైలెక్కేసింది. తనకి చిన్నప్పుడు పాఠం చెప్పిన టీచరుగారొకావిడ ఏలూరులో ఉండేది. ఆవిడ పంచన చేరి, ట్రైనింగు చదివి, కొల్లేటి లంకలో బోర్డు స్కూలు పంతులమ్మ అయింది. మా నాన్నగారు ఆ ఏడాదే ఇంకెక్కడో పెళ్ళి చేసుకున్నారు. నేను పెంటపాడులో మావయ్య దగ్గర, అంటే అమ్మకీ పిన్నికీ అన్నయ్య దగ్గర, పెరిగాను. ఆ ఇంట్లో పిన్ని పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఈ కథంతా నాకు వీధిలో అమ్మలక్కలు చెప్పిందే. "మీ పిన్ని ఊఁ అనుంటే నీకీ గతి పట్టేది కాదే పిల్లా" అనేవారు. నాకేం గతి పట్టిందో నాకు అర్థమయ్యేది కాదు గాని, అలా అన్నప్పుడల్లా ఆ కనపడని మనిషి మీద కోపం మాత్రం వచ్చేది.

కర్నూలు మనకి రాజధానిగా ఉన్న రోజులవి. నేను ఫిఫ్తు ఫారంలో, అంటే ఇప్పటి పదో తరగతిలో ఉన్నాను. ఒక సాయంత్రం గూడెం స్టేషన్ నుంచి జట్కా ఒకటి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. నీలం నేత చీర కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకున్న ఒకావిడ దిగి, ట్రంకుపెట్టె తనే దింపుకుంది. అరుగు మీదున్న మావయ్య లేచి నిలబడి, భుజాన కండువా సరిచేసుకున్నారు. "రండి రండి, దయచేయండి. ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?" అన్నారు. ఎవరో ఆఫీసరమ్మ అనుకుని నేను లోపలికి జరిగాను.

"అన్నయ్యా, నేను" అందావిడ.

"అయ్యో, తెలియకేమండీ. కూర్చోండి. ఏమేవ్, టీచరుగారు వచ్చారు, కాళ్ళకి నీళ్ళు పట్రా."

అత్తయ్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. పిన్ని ఆ చెంబు కేసి చూసి, "నూతి దగ్గర నేను కడుక్కోలేనా వదినా? ఈ ఇంట్లో నూతికి దారి నాకు తెలీదా?" అంది. అత్తయ్య మావయ్య మొహం చూసింది. మావయ్య చిరునవ్వు చెదరలేదు. "ఊళ్ళో స్కూలుకి నేనే అడిగి బదిలీ వేయించుకున్నాను అన్నయ్యా. ఇంక ఇక్కడే ఉంటాను" అంది పిన్ని. "తప్పకుండానండీ. మీ ఇల్లే అనుకోండి" అన్నారు మావయ్య. ఆ మాట మనం ఎవరితో అంటామో ఒక్కసారి ఆలోచించండి. సొంత ఇంటివాళ్ళతో ఎవరూ అనరు.

ఆ రోజు మొదలైంది మర్యాద. మా ఇంట్లో ఎవరి కంచం వాళ్ళకి ఉండేది. చుట్టాలకి మాత్రం పెరట్లోంచి ఆకు కోసి వేసేవాళ్ళం. పిన్నికి ఆకు వేశారు. మర్నాడూ ఆకే, ఆ మర్నాడూ ఆకే. వంటింట్లోకి వస్తే "మీరు పొగలోకి ఎందుకండీ" అనేవారు. పడుకోడానికి ముందుగదిలో ఉతికిన దుప్పటి వేసిన పట్టెమంచం. కాఫీ ముందు ఆవిడకి. స్కూలుకి బయల్దేరితే మావయ్య గుమ్మందాకా వచ్చి, "మళ్ళీ సాయంత్రం దయచేస్తారు కదండీ" అనేవారు. భోజనాల దగ్గర "మొహమాటపడకండి, మన ఇల్లే" అంటూ మారు వడ్డించేవారు. నాతో కూడా చెప్పారు, టీచరుగారిని మీరు అనాలి, పిన్ని గిన్ని అని పూసుకు తిరగకూడదని. మా వైపు మాట మెత్తన అంటారే, ఆ మెత్తదనంతో మనిషి గొంతు నులమొచ్చని నేను అక్కడ చూశాను. పైగా ఊరంతా మావయ్యని మెచ్చుకోవడం. తోడబుట్టిన చెల్లెల్ని కూడా అండీ అంటాడు, ఎంత పెద్దమనిషి అని చెప్పుకునేవారు. కొడితే పదిమంది అడ్డుపడతారు, తిడితే ఆడవాళ్ళైనా జాలిపడతారు. మర్యాద చేస్తే ఎవరు అడ్డుపడతారు చెప్పండి?

పిన్ని ఊరుకునే రకం కాదు. మావయ్యని కవ్వించడానికి ఆవిడ చేయని పని లేదు. ఆయన పడక్కుర్చీలో కూర్చునేది. పేపరు ముందుగా తనే విప్పి, నలిపి, తిరగేసి మడిచి పెట్టేది. ఆయన నారు పోయించిన మడి చూసి వచ్చి, "ఇదేం నారు అన్నయ్యా, నాన్న హయాంలో ఇలా ఉండేదా?" అనేది. ఆయన ఓటు ఎవరికి వేశారో తెలిసి, పదిమందిలో ఆ పార్టీని దులిపేసింది. అన్నిటికీ ఒకటే జవాబు, "పరవాలేదండీ." పళ్ళు బిగబట్టి, నవ్వు మొహంతో "పరవాలేదండీ." ఒకరోజు నేనే ఉండబట్టలేక, "ఇంత అవస్థ ఎందుకండీ టీచరుగారూ, స్కూలు పక్కన ఇల్లు అద్దెకి దొరుకుతుంది కదా" అన్నాను.

"దొరుకుతుంది" అంది. "నేను వెళ్తానంటే మీ మావయ్య బండి కూడా కట్టిస్తాడు. చుట్టాన్ని సాగనంపినట్టు వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతాడు. దాంతో నేను ఈ ఇంటి మనిషిని కాదని తేలిపోతుంది. నేను పుట్టిందే ఆ వెనకగదిలో. మా అన్నయ్య నన్ను నోరారా తిట్టేదాకా ఇక్కణ్ణించి కదలను."

"పోనీ తప్పయిందని ఒక్కమాట అనెయ్యచ్చు కదండీ."

"తప్పు చేసుంటే ఈపాటికి కాళ్ళ మీద పడి ఉండేదాన్ని" అంది, గడియారానికి కీ ఇచ్చుకుంటూ.

దసరా సెలవుల్లో నన్ను కొల్లేరు తీసుకెళ్ళింది. మావయ్య వద్దనలేకపోయారు. చుట్టాన్ని వద్దనడం మర్యాద కాదు కదా, తన ఉచ్చులో తనే పడ్డారు. ఏలూరులో బస్సు మారి, రోడ్డు అయిపోయిన చోట దోనె ఎక్కాం. రెండు తాటిబొండులు తొలిచి కట్టిన ఆ దోనె మీద కదిలితే మునుగుతామేమోనని నేను బిగుసుకు కూర్చున్నాను. కిక్కిస గడ్డి రెండు పక్కలా మా తలలకంటే ఎత్తుగా ఉంది. లంకలో దిగామో లేదో, గట్టు మీద వలలు ఆరేస్తున్న ఒక ముసలామె, పేరు పైడమ్మ, అక్కణ్ణించే అందుకుంది. "వచ్చావంటే పంతులమ్మా? ఇన్నాళ్ళకి మేం బతికున్నామని గుర్తొచ్చిందంటే? ఆ మొహం చూడు, పెద్దిళ్ళ నెయ్యి బాగా పట్టింది. నించున్నావేం, రా, ఈ చేపలు తోము, పొద్దెక్కిపోతంది." పిన్ని చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కత్తిపీట ముందేసుకుని, బూడిద అద్ది జెల్లలు తోమడం మొదలెట్టింది. ఆ మొహంలో వెలుగు నేను పెంటపాడులో ఒక్కరోజూ చూడలేదు. చొట్టపోయిన సత్తుకంచంలో పులుసన్నం పెట్టింది పైడమ్మ. ఉప్పు ఎక్కువైందని పిన్ని అంటే, "నోరు మూసుకు తిను" అంది. పిన్ని ఇంకో ముద్ద అడిగి వేయించుకుంది.

తిరుగు ప్రయాణంలో, దోనె నడిపే అతను ఆ కొసన గెడ వేస్తూంటే, నేను చాలా ఏళ్ళుగా మోస్తున్న ప్రశ్న అడిగేశాను. "నన్నెందుకు వదిలేశావు పిన్నీ?" మీరు అనాలని గుర్తే రాలేదు. టీచరుగారండీ అన్నది ఎక్కడో నీళ్ళలో పడిపోయింది.

పిన్ని నా వైపు తిరిగింది. "నీ దగ్గరికి రమ్మని నన్నెవరూ అడగలేదే. మీ నాన్న పక్కకి రమ్మన్నారు. ఆ రెండూ ఒకటే అనుకున్నారు అందరూ. పిల్లని నా చేతికివ్వండి, నేను పెంచుకుంటాను అని మా నాన్న కాళ్ళు పట్టుకుని చెప్పాను. పెళ్ళి కాని పిల్ల బిడ్డని ఎత్తుకు తిరిగితే ఊరు నవ్వుతుంది అన్నారు. అక్క మొగుడితో కాపరం చేస్తే నవ్వదట. బావ చెడ్డవాడని కాదు. అక్క మంచం మీద నేను పడుకోలేను. అంతే."

"మరి నా సంగతి?"

"నీకు అన్యాయం జరిగింది. నిజం. నేను తప్పు చేయలేదు. అదీ నిజం. రెండూ నిజమే అయితే ఏం చేయాలో నాకు తెలీదు. నిన్ను చూడాలని వచ్చాను. క్షమించమని అడగడానికి రాలేదు." అని, మళ్ళీ తనే, "నువ్వు నన్ను తిట్టుకోవచ్చు. మొహం మీద తిట్టు" అంది. నాకు తిట్లు రాలేదు, ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. చేపల వాసన కొట్టే చెయ్యి నా వీపు మీద వేసి, గట్టు వచ్చేదాకా అలాగే ఉంచింది.

ఆ చలికాలంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఒకాయన తనిఖీకి వచ్చారు. కర్నూలు వైపు మనిషి, మా జిల్లాకి కొత్త. ఊళ్ళో పెద్దింటి భోజనం కాబట్టి మా ఇంట్లోనే ఏర్పాటు. ముందువసారాలో ఆకులు వేశారు. ఇన్‌స్పెక్టరుగారికి ఒకటి, మావయ్యకి ఒకటి, హెడ్మాస్టరుగారికి ఒకటి, పిన్నికి ఒకటి. ఇంటి ఆడవాళ్ళం అత్తయ్యా నేనూ వడ్డిస్తున్నాం. పిన్ని మాత్రం ఆ మగవాళ్ళ బంతిలో, చుట్టాల వరసలో, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంది. "టీచరుగారూ, మొహమాటపడకండి, ఇంకాస్త నెయ్యి వేయించుకోండి" అన్నారు మావయ్య. హెడ్మాస్టరుగారు గర్వంగా, "వీరు వారికి స్వయానా చెల్లెలండీ" అని ఇన్‌స్పెక్టరుగారికి చెప్పారు. ఆయన ముద్ద ఆపేసి, "సొంత చెల్లెలా? మా పక్క తోడబుట్టినదాన్ని ఇంత మర్యాదగా పిలిచేది నేను యాడా చూడలేదు సార్. ఏం సంస్కారమప్పా మీది" అన్నారు. పాపం ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. మావయ్య కళ్ళు దించుకుని, వినయంగా నవ్వారు.

పిన్ని చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. ఎదురుగా ఉన్నది ఆవిడ ఉద్యోగం చేతిలో ఉన్న మనిషి.

"మీరు పొరబడ్డారండీ" అంది పిన్ని, క్లాసులో చెప్పినంత స్పష్టంగా. "ఇది మర్యాద కాదు. మా వైపు ఇంటి ఆడపిల్లని ఎవరూ మీరు అనరు. పెళ్ళినాడు నేను ఇల్లు వదిలి వెళ్ళిపోయాను. అందుకని మా అన్నయ్య నన్ను చుట్టాన్ని చేసి కూర్చోబెట్టాడు. వెలివేస్తే ఊరు వేలెత్తి చూపిస్తుందని, మర్యాద చేస్తున్నాడు. మీలాంటివాళ్ళు మెచ్చుకుంటున్నారు."

నా చేతిలో పప్పుగిన్నె కాలుతోంది, దింపాలని కూడా తోచలేదు. మావయ్య మొహం ముందు పాలిపోయింది, తరవాత ఎర్రబడింది. ఎంగిలిచెయ్యి ఎత్తి, ఆయన అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

"నోర్ముయ్యవే మాణిక్యం! పరాయివాళ్ళ ముందు ఇంటి పరువు తీస్తావంటే? అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే, మొండిపీనుగా! నువ్వు పోయాక పెళ్ళివాళ్ళ ముందు దణ్ణాలు పెట్టింది ఎవరనుకున్నావే? నేను! ఒక్కొక్కళ్ళ కాళ్ళూ పట్టుకున్నాను. నాన్న చచ్చేదాకా మళ్ళీ వీధి అరుగు మీదకి రాలేదు. తెలుసా నీకు?"

"తెలీదు" అంది పిన్ని. "నువ్వు చెప్తే కదా తెలియడానికి. అమ్మ పోయిందని కూడా చెప్పలేదు నువ్వు. ఎవరో సంతలో అనుకుంటూంటే విన్నాన్రా అన్నయ్యా. దినాలు కూడా అయిపోయాక విన్నాను. ఇప్పుడు చెప్పు. అన్నీ చెప్పు. తిట్టు."

ఆయన తిట్టారు. ఎంగిలిచేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ, చిన్నప్పట్నించీ ఉన్నవన్నీ తవ్వి తిట్టారు. పిన్నీ వదిలిపెట్టలేదు, మాటకి మాట అప్పజెప్పింది. ఇన్‌స్పెక్టరుగారు లేవాలా కూర్చోవాలా తెలియక సాంబారులో వేలు పెట్టి అలాగే ఉండిపోయారు. చివరికి మావయ్యకి ఆయాసం వచ్చి ఆగిపోయారు. అప్పుడు పిన్ని నెమ్మదిగా అంది, "పరాయివాళ్ళ ముందు అన్నావు అన్నయ్యా. ఈ వరసలో పరాయివాళ్ళు ఎవరో నువ్వే చెప్పేశావు."

చుట్టంలా ఆవిడ ఆకు మడవలేదు. అలాగే వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. ఎవరూ పొగ గురించి మాట్లాడలేదు. మజ్జిగ తపేలా పట్టుకొచ్చి, "ఏమనుకోకండి, మా ఇంట్లో గొంతులు కొంచెం పెద్దవి" అంటూ ఇన్‌స్పెక్టరుగారికి పోసింది. హెడ్మాస్టరుగారికి పోసింది. తరవాత మావయ్య ముందు నిలబడి, "పోయనా?" అంది. ఆయన తలెత్తలేదు. "పొయ్యి" అన్నారు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని గోడకి జేరబడిపోయింది.

ఏదో కథల్లోలాగా ఆ తరవాత అంతా చల్లబడిపోయిందని చెప్పను. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ బతికున్నంతకాలం పోట్లాడుకుంటూనే ఉన్నారు, నారు గురించి, పేపరు గురించి, కూరలో కారం గురించి. క్షమించానని ఆయన ఒక్కరోజూ అనలేదు. తప్పయిందని ఆవిడా అనలేదు. ఉద్యోగమూ పోలేదు. ఇన్‌స్పెక్టరుగారు స్కూలు గురించి ఏదో మంచిగానే రాసుకెళ్ళారట. పిన్ని సాయంత్రాలు వసారాలో పెద్ద వయసు ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పడం మొదలెట్టింది. మొగుళ్ళు గొణిగారు. వాళ్ళకి జవాబు చెప్పడానికి మావయ్యే వీధిలోకి వెళ్ళేవారు, "మా చెల్లెలు మొండిది, దాంతో పెట్టుకోకండి" అని.

నా సంగతి ఒకటి మిగిలింది. మా నాన్నగారు అప్పుడప్పుడూ అత్తిలి నుంచి నన్ను చూడటానికి వచ్చేవారు. నేను కుర్చీ వేసేదాన్ని. "బాగున్నారాండీ, మీ ఇంట్లో పిన్నిగారు బాగున్నారా, పిల్లలు చదువుకుంటున్నారా" అని అడిగేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవారు, తండ్రి మీద ఎంత గౌరవమో అని. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి వెళ్ళిన ఆ నెలలోనే నాన్నగారు మళ్ళీ వచ్చారు. నేను కుర్చీ వేయడానికి లేచి, వేయకుండా ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"నన్ను తీసుకెళ్తానని ఒక్కసారైనా అన్నావా నాన్నా?" అన్నాను. "చుట్టంలా వచ్చి చుట్టంలా పోతావు. నీకో పెద్దకూతురుందని ఆ ఇంట్లో ఎవరికైనా చెప్పావా? నేనేం చేశాను నీకు?" ఇంకా చాలా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది, అడ్డు రాలేదు.

ఆయన అరుగు మీద చతికిలబడిపోయారు. "నీకు నా మీద కోపం లేదనుకున్నానే" అన్నారు.

"ఉంది" అన్నాను.

ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఉంది. పెద్దదానివయ్యావు, ఇంక వదిలెయ్యమ్మా అని అందరూ చెప్తూంటారు, గుళ్ళో పంతులుగారు కూడా చెప్పారు. వదలను. ఆయన నాకేమీ కాకపోతే వదిలేసేదాన్ని.